ముందు ఎనిమిది

మా చిన్నాన్న తిరువొత్తియూరులో క్లినిక్కులకూ కొట్లకూ టోకెన్ నంబరు చూపించే లైటు బోర్డులు చేసేవాడు. ఏ బోర్డయినా స్విచ్ వేయగానే ముందు ఎనిమిది వెలగాలి. ఆ తర్వాతే ఒకటి. అంకెలోని ఏడు ఎల్ఈడీ గీతలూ కలిసి వెలిగేది ఎనిమిదిలోనే కాబట్టి, ఏ గీత చచ్చిందో అప్పుడే తెలుస్తుందని ఆయన పట్టు.

ఒక మిఠాయి కొట్టాయన ఒప్పుకోలేదు.

"ఎనిమిది శని నంబరు సార్. కొట్టు తెరవంగానే అదా వచ్చేది? తీసేయండి."

"శని ఆడ ఉండాడా లేడా అని ఎనిమిది వేస్తేనే తెలిసేది," అన్నాడు చిన్నాన్న. బోర్డు విప్పి ఇంటికి తెచ్చేసుకున్నాడు.

నిరుడు ఒక పొద్దున కాఫీ తాగుతుండగా ఆయన మూతి వంకర పోయింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆయన్ని నవ్వమంది, కళ్లు గట్టిగా మూయమంది, రెండు చేతులూ ఎత్తమంది. నేను మంచం పక్కనే ఉన్నాను. ఎడమ చెయ్యి పరుపు మీద నుంచి లేవలేదు.

చిన్నాన్న ఆ చేతిని, రిపేరుకు వచ్చిన బోర్డును చూసినట్టు, కాసేపు చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు. మాట ముద్దముద్దగా వచ్చింది.

"ఈయమ్మకు పని తెలుసురా. ముందు ఎనిమిదే వేయిస్తా ఉండాది."