నా చేతిరాతలో ఉన్న తీర్మానం

ఆ రైతును గొడ్డలితో నరికింది పట్టపగలు, అతని మిరపతోటలోనే. చర్ల దాటి ఛత్తీస్‌గఢ్ సరిహద్దు వైపు పోతే అడవిని ఆనుకుని ఒక పంచాయతీ ఉంటుంది. అప్పటికి నాలుగేళ్లుగా నేను అక్కడ కార్యదర్శిని. చెత్త ట్రాక్టరు తోలే మనిషి వచ్చి ఆఫీసు గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"మేడం, వాగు పక్క తోటాయనను చంపేసిండ్రు" అన్నాడు.

చనిపోయినతను స్థానిక కోయ రైతు. నలభై నిండలేదు. ఆఫీసుకొస్తే పని అయిపోయినా లేచేవాడు కాదు. నా టిఫిన్ డబ్బాలో ఏం కూరుందో అడిగి, బాగా లేదని చెప్పి, నవ్వి వెళ్లేవాడు. చంపినవాడు అడవి అంచున ఉన్న వలస గూడెం మనిషి. వాడి ఎద్దు తోటలో పడి మొక్కలు తొక్కింది. రైతు దాన్ని పట్టి కట్టేశాడు. వీడు తాగి వచ్చి తాడు విప్పబోయాడు. మాటా మాటా పెరిగింది, చేతిలో గొడ్డలుంది. అంతకు మించి కారణం లేదు.

ఆ గూడెంలో ముప్పై గుడిసెలుంటాయి. సరిహద్దు అవతల గొడవలు ముదిరిన రోజుల్లో, ఇటు తుపాకీకీ అటు తుపాకీకీ భయపడి, పిల్లల్ని చంకనేసుకుని వాగు దాటి వచ్చినవాళ్లు. వాళ్లూ కోయలే, మా ఊరి కోయల భాషే వాళ్లదీ, కాస్త యాస తేడా. మా పంచాయతీలో ఎవరి తోటలో మిరపకాయ ఎర్రబడినా ఏరింది వాళ్ల చేతులే.

చీకటి పడకముందే ఆ గూడెం పెద్ద, ఒక ముసలాయన, చంపినవాడిని చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ తీసుకొచ్చి పోలీసులకు అప్పజెప్పాడు. వాడు ఆయనకు స్వయానా తమ్ముడి కొడుకు. నేరం జరిగిన రోజే నేరస్తుడు దొరికాడు, నేరం ఒప్పుకున్నాడు. ఇంకెక్కడైనా అయితే ఇక ఏడవడమే మిగిలేది. మా ఊరి పెద్దమనుషులకు ఏడుపు చాలలేదు.

వాళ్లలో ముందు నిలబడింది ఎరువులు, పురుగుమందులు అమ్మే దుకాణదారు. ముప్పై ఏళ్ల కిందట కోస్తా నుంచి ఒక రేకుపెట్టెతో వచ్చాడని ఆయనే గొప్పగా చెప్పుకునేవాడు. ఏజెన్సీలో గిరిజనేతరులు జానెడు భూమి కూడా కొనడానికి వీల్లేదని చట్టం. అందుకని ఆయన కొనలేదు. నలుగురు గిరిజనుల పేర్ల మీద సాగు చేసుకుంటున్నాడు. మర్నాడు పొద్దున్నే ఆ మనిషి దుకాణం ముందు కుర్చీ వేసుకుని, "బయటివాళ్లని రానిస్తే ఇంతేనండి" అని వచ్చిన ప్రతివాడికీ చెప్పడం మొదలుపెట్టాడు. విన్నవాళ్లలో సగంమంది ఎక్కడెక్కడి నుంచో వచ్చి అక్కడ బతుకుతున్నవాళ్లే. ఒక్కడికీ నవ్వు రాలేదు.

నేను కూడా వచ్చినదాన్నే. మా నాన్న బొగ్గుబావిలో పనికోసం జగిత్యాల వైపు నుంచి ఇల్లెందు వచ్చాడు. కార్మికుల క్వార్టర్లలో మా వీధిలో ఏ రెండిళ్లూ ఒక జిల్లావి కావు. బయటివాళ్లు అనే మాట ఒక తిట్టని నేను ఉద్యోగంలో చేరాకే తెలుసుకున్నాను.

మూడో రోజున కెమెరాలు దిగాయి. ఒక విలేఖరి రైతు భార్యను తోటలోకి తీసుకెళ్లి, రక్తం పడిన చోట నిలబెట్టి, "ఇక్కడే కదమ్మా?" అని అడిగాడు. ఆమె తలూపింది. వెలుతురు సరిగా లేదని మళ్లీ నిలబెట్టి మళ్లీ అడిగాడు. ఆమె మళ్లీ తలూపింది. సాయంత్రం చానల్లో చర్చ. నలుగురు ఇస్త్రీ చొక్కాలవాళ్లు చొరబాటుదారులని, దేశ భద్రత అని, సరిహద్దు మూసెయ్యాలని అరుచుకున్నారు. వాళ్లు మూసెయ్యమన్న సరిహద్దును నేను చెప్పులు చేతపట్టుకుని చాలాసార్లు దాటాను. మోకాలి లోతు వాగది. అవతల ఉన్నదీ ఈ దేశమే. ఆ మాట నలుగురిలో ఒక్కడికీ గుర్తు రాలేదు, లేదా గుర్తొచ్చినా, చెబితే మళ్లీ చర్చకు పిలవరని భయపడ్డారు. మా కుర్రాళ్లు ఆ ముక్కల్ని ఫోన్లలో తిప్పి తిప్పి చూశారు. అప్పటిదాకా తమతో కలిసి కాయలేరినవాళ్లు చొరబాటుదారులని వాళ్లకు హైదరాబాద్ నుంచి తెలిసింది.

నాలుగో రోజు గ్రామసభ పెట్టారు. రోడ్డు కోసం, మంచినీళ్ల కోసం సభ పెడితే ఇరవైమంది రాని ఊరు, ఆ రోజు బడి ఆవరణ పట్టనంతగా వచ్చింది. రైతు భార్యను తెచ్చి ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. సర్పంచ్ స్థానిక కోయ మహిళ, చనిపోయినతనికి వరసకు అక్క.

దుకాణదారు లేచాడు. "వాళ్లని పంపించేస్తే తప్ప ఈ ఊరికి రక్షణ లేదండి. తీర్మానం రాయండి మేడమ్ గారూ."

"ఎవర్నీ ఎల్లగొట్టే అధికారం పంచాయతీకి లేదు సార్" అన్నాను. "వాళ్లు గూడ ఈ దేశపోళ్లే గదా."

"మీరు బయటి నుంచి వచ్చిన ఉద్యోగస్తులు. మా ఊరి బాధ మీకు తెలీదులెండి."

చప్పట్లు కొట్టారు. ఆ మాట ఎవరన్నారో, ఎవరితో అన్నారో చూసి కూడా కొట్టారు.

సర్పంచ్ నెమ్మదిగా అంది, "చంపినోన్ని వాళ్ల ముసలాయనే తెచ్చి అప్పజెప్పె గదా. ఇంక పిల్లజెల్లను ఏమని పొమ్మందాం?"

వెనకనుంచి ఒక కుర్రాడు అన్నాడు, "నువ్వు వాళ్ల భాషే మాట్లాడతవ్. వాళ్ల దిక్కే మాట్లాడతవ్."

తమ్ముణ్ని పోగొట్టుకున్న మనిషితో అన్నాడు ఆ మాట. ఇంతలో రైతు భార్య ఆమె చీర కొంగు పట్టి లాగింది. "వదినా, నేను ఇంటికి పోత. పిల్లలు ఒక్కళ్లే ఉన్నరు."

"కూర్చోమ్మా" అన్నాడు దుకాణదారు. "నీకోసమే కదా ఇదంతా."

ఆమె కూర్చుంది. నేను రాశాను. వలస వచ్చినవారిని గ్రామ పరిధి నుండి పంపివేయవలెనని, వారికి ఎటువంటి ధ్రువపత్రములు ఇవ్వరాదని, సభ ఏకగ్రీవముగా తీర్మానించినది. అక్షరాలు గుండ్రంగా, కొట్టివేతలు లేకుండా వచ్చాయి. చట్టానికి విరుద్ధమని తెలిసీ అంత శుభ్రంగా రాసినందుకు నా మీద నాకు ఇప్పటికీ ఏవగింపే. రాయకపోతే ఉద్యోగం పోతుందనుకున్నాను. పోయేది కాదు. మహా అయితే బదిలీ చేసేవాళ్లు.

మర్నాడు పొద్దున ఆ గూడెం నుంచి ఒకామె వచ్చింది. ముసలాయన కోడలు. ఆరేళ్ల కూతుర్ని ఆశ్రమ పాఠశాలలో చేర్చడానికి పుట్టిన సర్టిఫికెట్ కావాలని నెలల తరబడి తిరుగుతోంది. గుడిసెలో పుట్టిన పిల్ల. అప్పట్లో ఎవరూ ఎక్కడా రాయించలేదు. భద్రాచలం ఆర్డీవో ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి, పుట్టుక నమోదు చెయ్యమని ఉత్తర్వు తెచ్చుకుంది. ఇక మిగిలింది నా సంతకం, ముద్ర.

"కాగితం మేడం" అంది. ఆమెకు వచ్చిన తెలుగు తక్కువ.

ఎదురుగా దుకాణం మెట్ల మీద నలుగురు కూర్చుని మా ఆఫీసు వైపే చూస్తున్నారు.

"సోమవారం రా అమ్మా" అన్నాను.

"సోమారం ఇస్తవా?"

"ఇస్త."

ఆమె నమ్మింది. అది గురువారం.

శనివారం భోజనాల వేళ దాటాక మూడు ట్రాక్టర్లు ఊళ్లోంచి గూడెం వైపు వెళ్లాయి. ట్రాలీల నిండా మనుషులు, కొందరి చేతుల్లో కిరోసిన్ డబ్బాలు. నేను పోలీసులకు ఫోన్ చేశాను. "చూస్తం మేడం" అన్నారు. ఇంకోసారి చేశాను. "పోతున్నరు మేడం, దారిల ఉన్నరు" అన్నారు. పొగ లేచింది, పలచబడింది, అణిగింది. పోలీసుల బండి ఆ తరవాత వెళ్లింది. మనుషులెవరూ చావలేదు. ట్రాక్టర్ల చప్పుడు వినగానే పిల్లల్నీ ముసలివాళ్లనీ తీసుకుని వాగు దాటేశారు.

ఊరి గౌరవం కాపాడి తిరిగొస్తున్నవాళ్లను ఆఫీసు ముందు నిలబడి చూశాను. ఒక ట్రాలీలో గుడిసెల మీంచి పీకిన రేకులున్నాయి. సభలో సర్పంచ్‌ను అడ్డుకున్న కుర్రాడు మోటారుసైకిల్ హ్యాండిల్‌కు కోళ్లను తలకిందులుగా వేలాడదీసుకుని వచ్చాడు. న్యాయం కోసం వెళ్లినవాడు కోళ్లతో రావడంలో వాడికి వింతేమీ కనిపించలేదు. నన్ను చూసి, "నమస్తే మేడం" అన్నాడు.

సోమవారం ఎవరూ రాలేదు.

తరవాతి నెలల్లో మిరప పండింది. చెట్ల మీదే ఎర్రబడి, ఆ పైన ముడుచుకుని, రాలడం మొదలైంది. ఏరేవాళ్లు లేరు. చుట్టుపక్కల ఊళ్లలో కూలీలు దొరకలేదు. రైతు భార్య తోట అందరికంటే ముందు ఎర్రబడింది. అతని పేరు చెప్పి సభలో చప్పట్లు కొట్టినవాళ్లలో ఒక్కడు కూడా ఆమె తోటలోకి ఒక పూట మనిషిని పంపలేదు. ఒక ఆదివారం సర్పంచ్, నేను వెళ్లాం. నేను ఏరింది రెండు సాళ్లు. సాయంత్రానికి వేళ్లు మంటలెత్తి రెండు రోజులు పెన్ను పట్టుకోలేకపోయాను. రోజుకు పది గంటలు ఆ పని చేసేవాళ్ల గురించి నేను అంతకుముందు ఎప్పుడూ ఆలోచించలేదు, అదీ రాయాలి.

చివరకు ఆ తోటను కాయతో సహా దుకాణదారే కౌలుకు తీసుకున్నాడు. వారం తిరక్కుండా రెండు ట్రాలీ ఆటోలు తెల్లవారుతుండగా వాగు వైపు వెళ్లి, కూలీలతో తిరిగొచ్చాయి. నేను దుకాణానికి వెళ్లి అడిగాను.

"వాళ్లనే తెచ్చిండ్రా సార్?"

"మరెవరున్నారండి? కాయ రాలిపోతోంది."

"మరి తీర్మానం?"

"అది ఉండనివ్వండి మేడమ్. కాగితం మీద ఉంటే ఊరికి మంచిదే. సాయంత్రానికి మళ్లీ దింపేస్తున్నాం కదా, ఇక్కడ ఉండనిస్తున్నామా?"

సిగ్గుపడలేదు. దాచలేదు. ఎంతో సవ్యమైన ఏర్పాటులాగా వివరించాడు. చేతులు కావాలి, మనుషులు వద్దు. టీవీలో నలుగురు గంటసేపు అరిచినా తేలని సంగతిని దుకాణదారు రెండు ముక్కల్లో తేల్చేశాడు.

ఆ మధ్యాహ్నం నేను పిల్ల సర్టిఫికెట్ మీద సంతకం, ముద్ర వేసి తీసుకుని తోటకు నడిచి వెళ్లాను. ముసలాయన కోడలు సాళ్ల మధ్య వంగి ఉంది. మూతికి గుడ్డ కట్టుకుంది. కాగితం చూసి చేతులు చీరకు తుడుచుకుని తీసుకుంది.

"బడిల తీసుకుంటరా?" అంది.

బడి తెరిచి అప్పటికి ఆరు నెలలు దాటింది. "వచ్చే జూన్‌ల తీసుకుంటరు" అన్నాను.

ఆమె తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది. కాగితాన్ని మడిచి రవికలో పెట్టుకుని మళ్లీ వంగింది.

అప్పుడే రైతు భార్య గట్టు మీదికి వచ్చింది. కూలీల్లో ముసలాయన కూడా ఉన్నాడు. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. ఆమె ఆయన్ను వదిలేసి, ఆటో పక్కన నీడలో ఉన్న దుకాణదారు దగ్గరికి వెళ్లింది.

"ఎల్లగొట్టినప్పుడు నన్ను అడగలే. తోలుకొచ్చినప్పుడూ అడగలే" అంది. "రెండుసార్లు నా పేరే చెప్పిండ్రు."

"తోట పాడైపోకూడదనేనమ్మా."

"తోట నాది. నా మొగునిది. మీరు చూస్కున్నది మీ పని."

ఆమె గొంతు పెరగలేదు. దుకాణదారు ఫోన్ తీసి ఎవరితోనో లోడు గురించి మాట్లాడుతూ అటు నడిచాడు. ముసలాయన మళ్లీ సాలులోకి వంగాడు.

ఆ రాత్రి నాకు ధైర్యం వచ్చిందని రాస్తే అబద్ధం. సర్పంచే మర్నాడు వచ్చి, "మేడం, ఆ రాసింది కొట్టేద్దాం. సభ పెట్టు" అంది. డప్పు వేయించి చాటించాం. ఆ రోజు బడి ఆవరణకు పదకొండుమంది వచ్చారు. దుకాణదారు సరుకు దిగుతోందని కబురు చేశాడు. కోళ్ల కుర్రాడు గేటు దాకా వచ్చి ఫోటో తీసుకుని వెళ్లిపోయాడు. రైతు భార్య వచ్చి అందరికంటే ముందు వేలిముద్ర వేసింది. అంత తక్కువమందితో సభ చెల్లదు. ఆ సంగతి నేనే చెప్పాల్సి వచ్చింది.

"ఇంకోసారి పెడదాం" అంది సర్పంచ్.

ఇంకో రెండుసార్లు పెట్టాం. రెండోసారి తొమ్మిదిమంది వచ్చారు. ఆ మేలో నన్ను ముదిగొండ మండలానికి బదిలీ చేశారు. జూన్‌లో సర్పంచ్ ఫోన్ చేసి పిల్ల బడిలో చేరిందని, హాస్టల్లో రోజూ ఏడుస్తోందని చెప్పింది. తీర్మానం ఇప్పటికీ అమలులోనే ఉంది. ఈ ఏడు కూడా కాయ ఏరడానికి ఆటోలు వాగు దాకా వెళుతున్నాయట.