ముక్కులో మందు పెట్టుకున్న మధ్యాహ్నం

ఎనభైల చివర్లో, పెళ్లయి తాండూరు వచ్చిన కొత్తలో జరిగిందిది. మా ఆయన పొద్దున్నే కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీకి బస్సెక్కితే సాయంత్రం దాకా నాకు మాట్లాడే దిక్కు లేదు. గలగలా వాగే నాకు అదెంత నరకమో! పక్కింటి ఖాసింబీ గోడ మీదుగా చూసేది కానీ, ఉర్దూ రాదని నేనే పలకరించేదాన్ని కాదు.

ఊరి చుట్టూ ఉన్న నాపరాళ్ల గనుల దుమ్ముకి ముక్కు మూసుకుపోతే డాక్టరు జెల్లీలాంటి మందు ఇచ్చాడు. "చుక్కల మందైతే గొంతులకు జారిపోతది. గిది లోపలనే అంటుకొని ఉంటది. తల మంచం కిందికి వాల్చి పండుకో, జరసేపు కదలొద్దు" అన్నాడు.

ఆ మధ్యాహ్నం స్టవ్వులో పోస్తుంటే కిరసనాయిలు చీర మీద ఒలికింది. ముక్కు పనిచేయదు కదా, వాసనే తెలియలేదు. అట్లాగే మందు పెట్టుకుని, తల వేలాడేసి కళ్లు మూసుకున్నాను.

ఉన్నట్టుండి తలుపు తోసుకొచ్చి ఎవరో నన్ను పట్టుకుని ఏడుస్తున్నారు. ఖాసింబీ! అదీ తెలుగులో!

"యా అల్లా! వాసనొస్తే ఉరికొస్తి, గాసునూనె పోసుకున్నవా బిడ్డా? గోడ పక్కనే ఉంటి కదనే, నాకన్న చెప్పకపోతివి!"

"బతికే ఉన్న అవ్వా! ముక్కులకు మందేస్కున్న" అన్నాను, మందు జారుతుందేమోనని కదలకుండానే.

"నీ ముక్కు పాడుగాను! నా పానం పోయిందే!" అని చెంప మీద మెత్తగా ఒక్కటేసింది.

నవ్వబోయి నేనూ ఏడ్చేశాను. ఆ ఊళ్లో నా కోసం ఏడ్చే మనిషి ఒకరున్నారని అప్పటిదాకా నాకు తెలియదు.