అంగారకుడి మీద మడవ

నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను. దర్శి పక్కన మా ఊరు. సొంత ఊళ్లోనే ఉద్యోగం, కాలువ కింద మూడెకరాల మిరప చేను. ఇవన్నీ ఒక్కడికే ఉంటే మనిషికి కాస్త పొగరు ఎక్కుతుంది. నాకు కాస్త కాదు, బాగానే ఎక్కిందని మా ఆవిడ అంటుంది. దానికి తోడు కోపం ముక్కు మీదే ఉంటుంది. క్లాసులో కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టానంటే పిల్లలు ఊపిరి బిగబట్టుకుంటారు.

పోయినేడాది చలి తగ్గే రోజుల్లో మా హెడ్మిస్ట్రెస్ గారు ఒక కాగితం తెచ్చారు. పిల్లలకు పోటీ. అంగారకుడి మీద మనుషులు కాలనీ కట్టుకుంటే దానికి రాజ్యాంగం ఎలా ఉండాలో, ప్రభుత్వం ఎలా నడవాలో రాసి పంపాలి. ఆవిడ గుంటూరు టౌను మనిషి, లెక్కల టీచరు. "రాజ్యాంగం మీ సబ్జెక్టే కదా మాస్టారూ, మీరే చూడండి" అని నా చేతిలో పెట్టి వెళ్లిపోయారు. పైకి విసుక్కున్నాను గానీ లోపల ఎక్కడలేని సంబరం. ఇన్నేళ్లుగా పెద్దలు రాసిన రాజ్యాంగాన్ని పిల్లల చేత వల్లె వేయించడమే తప్ప, సొంతంగా ఒకటి రాసే భాగ్యం నాకెక్కడిది?

తొమ్మిదో తరగతిలో ముప్ఫై ఒక్కమంది. వాళ్లను రాజ్యాంగ సభ అన్నాను. సభకు అధ్యక్షుణ్ణి నేనేనని ప్రకటించాను. "ఎన్నిక పెట్టాలి కదా సార్" అని వెనక బెంచీలో ఒక పొడుగు కుర్రాడు గొణిగాడు. కళ్లజోడు తీశాను. ఎన్నిక ఏకగ్రీవమైంది.

మొదటి వారమంతా సభ మహా జోరుగా నడిచింది. రాజధాని ఎక్కడ పెట్టాలన్న చర్చను మాత్రం మొదలవకముందే నేనే ఆపేశాను. ప్రభుత్వోద్యోగిని, నాకెందుకొచ్చిన గొడవ. లౌడ్ స్పీకర్లు కాలనీ బయట మాత్రమే పెట్టుకోవాలని తీర్మానం చేశారు. అక్కడ గాలి పల్చగా ఉంటుంది, పాట సరిగా వినపడదు కదరా అంటే, అందుకేనన్నారు. భూమ్మీద నుంచి వచ్చే చుట్టాలు మూడు రోజులకు మించి ఉండకూడదని మగపిల్లలు రాశారు. ఏడు నెలలు ప్రయాణం చేసి వచ్చినవాళ్లను మూడో రోజే పొమ్మంటామా అని ఆడపిల్లలు అడ్డం తిరిగారు. మిరపకాయలు కోసిపెట్టే చుట్టాలైతే ఎన్నాళ్లయినా ఉండొచ్చని చివరికి రాజీ పడ్డారు.

రెండో వారం మంగళవారం, నీళ్ల అధ్యాయానికి వచ్చాం.

ఇక్కడ నా చేను సంగతి కొంచెం చెప్పాలి. మా పిల్లకాలువ మీద మొదటి చేను నాది. ఎవరి చేనుకి వాళ్లు కాలువ గట్టుకి గండి కొట్టుకుని నీళ్లు మళ్లించుకుంటారు. దాన్ని మేం మడవ అంటాం. మడవ తీస్తే నీళ్లు మన చేలోకి, మట్టి వేసి మూస్తే ముందుకి. మంగళవారం పొద్దున్నుంచి పన్నెండు దాకా నా వంతు. పన్నెండు నుంచి సాయంత్రం ఆరు దాకా చిట్టచివరి చేను రైతు వంతు. ఆరుకి పైన తూము దించేస్తారు. మిగతావాళ్ల వంతులు వేరే రోజుల్లో.

నేను పొద్దున్నే మడవ తీసి బడికి వచ్చేసేవాణ్ణి. బడి వదిలేది నాలుగున్నరకి. ఇంటికెళ్లి, టీ తాగి, లుంగీ కట్టుకుని, పార పట్టుకుని వెళ్లి మూసేసరికి ఐదు దాటేది. కాస్త ఆలస్యం, అంతే అనుకునేవాణ్ణి. మా ఊళ్లో ఒకరి మడవ మీద ఇంకొకరు చెయ్యి వేయరు. వేస్తే తలలు పగులుతాయి. పైగా నాది మాస్టారి మడవ. ఎవరూ ఎప్పుడూ ఏమీ అనలేదు కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదనుకున్నాను.

ఆ రోజు బోర్డు మీద కాలనీ బొమ్మ వేశాను. పైన మంచుకొండ, దాని కింద చెరువు, చెరువుకో తూము, తూము నుంచి గీత గీసినట్టు ఒక కాలువ, దాని పొడుగునా ఇరవై ఇళ్లు. తూము పక్కనే పెద్ద ఇల్లు గీసి 'అధ్యక్షుల వారి నివాసం' అని రాశాను. హెడ్మిస్ట్రెస్ గారు అటుగా పోతూ ఆగారు. "అంతరిక్షంలో కాలువేంటండీ? గుండ్రంగా ట్యాంకు కట్టి పైపులేస్తే అందరికీ ఒకేసారి వస్తాయి కదా" అన్నారు. లెక్కల వాళ్లకు వ్యవసాయం ఏం తెలుస్తుందని నవ్వాను. క్లాసు క్లాసంతా నాతో నవ్వింది. కాలువ లేకుండా నీళ్లు వస్తాయని మా ముప్ఫై రెండు బుర్రల్లో ఒక్కదానికీ తట్టలేదు.

అప్పుడు ఒక పిల్ల లేచింది. చిట్టచివరి చేను రైతు కూతురు. మాట నెమ్మది, చూపు సూటి.

"సార్, అధ్యక్షుడి వంతు మధ్యాహ్నం దాకానే అనుకోండి. ఆ టైముకి ఆయన మీటింగులో ఉంటే మడవ ఎవరు మూస్తారు?"

"ఆయనే మూసుకుంటాడు."

"ఎప్పుడొస్తాడు సార్?"

"మీటింగు అయ్యాక."

"సాయంత్రమా సార్?"

నాకింకా వెలగలేదు. "అధ్యక్షుడంటే వంద పనులుంటాయి. కాస్త అటూ ఇటూ అవుతుంది. సర్దుకోవాలి" అన్నాను.

"ఐదింటికి మూస్తే చివరింటికి గంటసేపే వస్తాయి సార్. గంటకి నాలుగు సాళ్లు కూడా తడవవు. పూత రాలిపోతా ఉంది."

అంగారకుడి మీద పూతేమిటా అని నేను ఆలోచించే లోపలే పొడుగు కుర్రాడు లేచాడు. "చివరింటోళ్లే వచ్చి మూసుకోవచ్చుగా సార్."

"పెద్దాయన మడవ ముట్టుకుంటే బాగోదంట" అంది ఆ పిల్ల. "మా నాన్న అంటాడు."

మిగతా అందరూ పుస్తకాల్లోకి తలలు దించేశారు. అంటే అందరికీ తెలుసు. నా చెవులు వేడెక్కిపోయాయి. కోపం వచ్చిన మాట నిజం. చెయ్యి కళ్లజోడు దాకా వెళ్లింది. తీరా తీస్తే ఎవరిని తిట్టాలో తెలియలేదు. ఆ నిమిషంలో కూడా నా మడవ తెరిచే ఉంది.

ఆ పిల్ల వాళ్ల నాన్న ప్రతి మంగళవారం అన్నం వేళకి బడి గేటు దగ్గరికి వస్తాడు, చేతిలో క్యారేజీతో. బడిలో భోజనం పెడుతున్నాం కదా, ఇదెందుకని నేనే ఒకటి రెండుసార్లు కసిరాను. "పిల్లకి ఇంటి పచ్చడి లేకపోతే ముద్ద దిగదండి" అని నీళ్లు నమిలేవాడు. నాక్కూడా ఒక చిన్న గిన్నెలో గోంగూర పచ్చడి ఇచ్చేవాడు. ఇచ్చాక కాసేపు నిలబడేవాడు. నేను గిన్నె మూత తీసి వాసన చూసి లోపలికి పోయేవాణ్ణి. మంగళవారమే ఎందుకొస్తాడని ఎన్నడూ అనుకోలేదు. రెండేళ్లుగా నన్ను ఒక మాట అడగడానికి వచ్చి, అడగలేక, నాకు పచ్చడి పెట్టి వెళ్తున్నాడు ఆయన. సిగ్గుతో చచ్చిపోయాను.

"రాయండి" అన్నాను. "పదకొండో అధికరణం. వంతు దాటిన మడవ ఎవరిదైనా సరే, అధ్యక్షుడిదైనా సరే, తర్వాతి వంతు వాళ్లు ఎవరినీ అడక్కుండా మూసేయవచ్చు."

ముప్ఫై ఒక్క చేతులు లేచాయి. పొడుగు కుర్రాడు రెండు చేతులూ ఎత్తితే ఒకటి దింపించాను.

"ఇది ఎప్పటి నుంచి అమలు సార్?" అని అడిగింది ఆ పిల్ల. ఆమోదించిన రోజు వేరు, అమల్లోకి వచ్చిన రోజు వేరు అని నేను చెప్పిన పాఠమే.

"నేను సంతకం పెట్టిన క్షణం నుంచి" అని కాగితం మీద సంతకం పెట్టాను.

ఆ పిల్ల గోడ గడియారం వైపు చూసింది. "పన్నెండు ఇరవై సార్" అంది.

అన్నం గంట కొట్టారు. గేటు దగ్గర ఆయన ఉన్నాడు, క్యారేజీ పట్టుకుని. దగ్గరికి వెళ్లి, "మీరు వెళ్లి నా మడవ మూసేయండి" అన్నాను.

ఆయన బెదిరిపోయాడు. "అయ్యో, మీ మడవ నేనెట్టా ముట్టుకుంటానండి."

కూతురు వెనక నుంచి వచ్చి కాగితం చేతిలో పెట్టింది. "చట్టం అయిపోయింది నాన్నా. సార్ సంతకం పెట్టారు."

ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "అంగారకుడు అని ఉందేంటమ్మా?" అన్నాడు.

"మన కాలువకి కూడా వర్తిస్తుంది" అన్నాను. ఆయన దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, ఆ రోజు పచ్చడి ఇవ్వడం మర్చిపోయి, పరుగులాంటి నడకతో వెళ్లాడు.

పోటీలో మాకేమీ రాలేదు. కాలువ అనవసరమనీ, నీళ్లకే అన్ని అధికరణాలు ఎందుకనీ ఎర్ర సిరాతో రాసి పంపారు. హెడ్మిస్ట్రెస్ గారు ఆ కాగితాన్ని నాకు రెండుసార్లు చదివి వినిపించారు.

ఆ తర్వాత మంగళవారాలు క్యారేజీ రావడం ఆగిపోయింది. ఆ పిల్ల బడి అన్నమే సుబ్బరంగా తినేది. మళ్లీ ఆయన కనబడింది రెండో కోత అయ్యాకే. ఈసారి గేటు దగ్గర ఆగలేదు. స్టాఫ్ రూములోకే వచ్చి, నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. బల్ల మీద పెద్ద సీసా పెట్టాడు. నిండా పండుమిరపకాయ పచ్చడి.

"మా చేలో రెండో కోత కాయలండి" అన్నాడు. నాకు కళ్లు చెమర్చాయి. ఏదో ఒకటి చెప్పుకోవాలని నోరు తెరిచాను.

ఆయన అక్కడితో ఆగలేదు. "మొన్న మంగళవారం దర్శి వెళ్లి పావుగంట ఆలస్యంగా వచ్చానండి. మీ మడవ అప్పటికీ తెరిచే ఉంది. ప్రతిసారీ నేనే మూయాలంటే ఎట్టాగండి మాస్టారూ? వంతు అయ్యాక ఎవరిది వాళ్లు చూసుకోవాలి కదా."

స్టాఫ్ రూములో అందరూ తలలెత్తి చూశారు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టబోయి, మళ్లీ పెట్టుకున్నాను. అలాగేనండి అన్నాను.