వెర్నా అట్టగొట్టం

ఒంటి మనిషి ఇంట్లో వారానికి పది టాయిలెట్ పేపర్ చుట్టలు ఎలా అయిపోతాయి? ఆ మిన్నెసోటా ఊళ్ళో ఎవరికీ ఈనాటికీ తేలని ప్రశ్న ఇది. వెర్నా టోలెఫ్సన్ ఆ కాగితాన్ని ఏం చేసేదో దేవుడికెరుక. మధ్యలో మిగిలే అట్టగొట్టాన్ని ఏం చేసేదో మాత్రం ఊరందరికీ తెలుసు. పసిపిల్లలున్న ఏ ఇంట కాలు పెట్టినా, చేతికందిన వస్తువునల్లా అందులో వేసి చూసేది. అవతలి వైపు నుంచి జారి పడితే తీర్పు ఒకటే: "పిల్ల గొంతులోకీ ఇలాగే జారుతుంది!"

బడి వంటశాలలో ముప్ఫై ఏళ్ళు గరిటె తిప్పిన మనిషి. గరిటె వదిలింది గానీ పెత్తనం వదల్లేదు. చర్చి విందులో ద్రాక్షపళ్ళు కనిపిస్తే, ఒక్కొక్కటీ నిలువునా నాలుగు చీలికలు చేసేదాకా ఎవర్నీ ముట్టనిచ్చేది కాదు.

"నాకు డెబ్బై రెండేళ్ళమ్మా, గుండుగానే మింగుతాను," అని పాస్టరు గారు మొత్తుకున్నారు.

"మిమ్మల్ని చూసి మీ మనవడు మింగుతాడు," అని ఆయన పళ్ళెంలోవీ చీల్చేసింది. ఆయన వేలి ఉంగరాన్ని కూడా వదల్లేదు. గొట్టం పరీక్షలో అదీ తప్పింది.

పురిటింటికి అందరూ ఊలు టోపీలు తెస్తే, ఆవిడ రిబ్బను కట్టిన గొట్టం తెచ్చేది. అదే ఊళ్ళో పసిబిడ్డ తల్లి మారిట్ ఇంట్లో అప్పటికే అలాంటివి మూడు పోగయ్యాయి. అందుకే కూతురు ఇంగా రెండో పుట్టినరోజుకు మారిట్ ఆవిణ్ణి పిలవలేదు. పిలవకపోయినా వచ్చింది.

"ఈ మాంసం సాసేజీని బిళ్ళల్లా కోశావేంటమ్మాయ్? నిలువుగా చీల్చాలి, నిలువుగా!"

"మీరు కేకు తినండి వెర్నా గారూ. దాన్ని మాత్రం గొట్టంలో పెట్టకండి."

"పోనీ, కొవ్వొత్తులు పెట్టుకోనా?"

అందరూ నవ్వారు. అంతలో ఆవిడ చూపు ఇంగా చంకలోని బొమ్మ ఎలుగుబంటి మీద పడింది. మారిట్ చిన్నప్పుడు వాళ్ళమ్మ కుట్టిన బొమ్మ అది. అది లేనిదే ఇంగా కన్ను మూయదు. ఇంగా మూయనిదే ఆ ఇంట్లో ఎవరూ మూయరు. వెర్నా దాని గుండీ కన్ను పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. ఊడొచ్చిన గుండీ గొట్టంలోంచి జారి టక్కున నేల మీద పడింది. రెండోదీ అంతే. రెండు గుండీల్నీ ఏరి, గుడ్డి ఎలుగుతో సహా సంచిలో కుక్కుకుంది.

"అది మా అమ్మ కుట్టిందండీ!" అని మారిట్ సంచికి అడ్డం పడింది.

"మీ అమ్మ కుట్టు బంగారం. దారానికే వయసు మీరింది."

ఇంగా ఏడుపు మర్నాటికీ ఆగలేదు. తండ్రి డేల్ పాట పాడాడు, ఏడుపు రెట్టింపైంది.

"ఆ ముసలిదాన్ని ఇంకోసారి గడప తొక్కనిస్తే ఒట్టు!" అంది మారిట్.

ఆ ఊళ్ళో చుట్టాలు సెలవు తీసుకోవాలంటే గంట పడుతుంది: కుర్చీ దగ్గర ఒకసారి, గుమ్మంలో ఒకసారి, కారు అద్దం దించి మరోసారి. మధ్యాహ్నం వెర్నా కారు చప్పుడు వినగానే, మారిట్ ఆ గంటకూ సరిపడా తిట్లు కూడగట్టుకుని తలుపు తీసింది.

మెట్టు మీద ఎలుగు కూర్చుని ఉంది; వెర్నా అప్పటికే కారు వైపు తిరిగి నడుస్తోంది. గుండీల చోట నల్లదారంతో కుట్టిన కళ్ళు, గోరు కూడా దూరనంత బిగువుగా. చంకలో పాత చిరుగుకీ కుట్లు పడ్డాయి, అచ్చం మారిట్ వాళ్ళమ్మ కుట్టు వరసలోనే. మెడకు చిన్న మూట; అందులో ఆ రెండు గుండీలూ, ఒక చీటీ: "ఇవి నీకు, మారిట్. పై అరలో దాచుకో."

ఇంగా ఎలుగుని లాక్కుని, అక్కడే మెట్టు మీద నిద్రలోకి ఒరిగింది. ఎలుగు కళ్ళు మాత్రం మూతపడలేదు. అవి అచ్చం వెర్నా కళ్ళే, ఇల్లు సోదా చేస్తున్నట్టు.

"వెర్నా గారూ, ఆగండి! కాఫీ అయినా తాగి..."

ఆవిడ కారు అద్దం కూడా దించలేదు. ఇటు తిరిగి చూడనైనా లేదు. వీధి చివరింట్లో మొన్ననే బిడ్డ పుట్టింది. పక్క సీటులో, రిబ్బను కట్టిన గొట్టం అప్పుడే దొర్లుతోంది.