సొనోమాకు నాలుగు ఖాళీ సీసాలతో

మా ఆయన ప్రభుదాసు బుద్ధెరిగాక ఒక్క చుక్క సారాయి ముట్టలేదు. వాళ్ళ నాన్నగారూ ముట్టలేదు, తాతగారూ ముట్టలేదు. చీరాల చర్చిలో ఆ కుటుంబం గురించి ముందు చెప్పే మాటే అది. అలాంటి మనిషిని వెంటబెట్టుకుని, కాలిఫోర్నియాలో వైనుకు పేరుమోసిన సొనోమాకు ఎందుకు బయల్దేరానయ్యా అంటే, తిండి కోసం. ఈ మాట చెప్పడానికి నాకు సిగ్గేమీ లేదు.

నేను షికాగో దగ్గర ఒక ఆసుపత్రిలో నర్సుని. ఎనభైల మధ్యలో మా వార్డులో రోజ్‌మేరీ అనే ఇటాలియన్ల అమ్మాయి పనిచేసేది. ఆమె పెదనాన్న ఆల్డోకి సొనోమాలో ద్రాక్ష తోట, వైను తయారుచేసే చిన్న వైనరీ ఉన్నాయి. ఇటలీ నుంచి వచ్చినవాళ్ళు ఆ లోయ అంతా నిండిపోయి, అక్కడి కొండల్ని సొంత ఊరిలా చేసుకున్నారట. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆ అమ్మాయి అక్కడి వంటల గురించి చెబుతుంటే నా డబ్బాలో గోంగూర అన్నం చల్లారిపోయేది. పెళ్ళయి పదేళ్ళవుతున్న సందర్భానికి ఎక్కడికైనా వెళ్దామని మా ఆయన అన్నారు. నేను చోటు అప్పటికే ఎంచుకుని ఉన్నాను.

రోజ్‌మేరీ, నేను కూర్చుని ప్లాన్ వేశాం. ఏ పూట ఎక్కడ తినాలి, ఏ వైనరీకి పొద్దున్నే వెళ్ళాలి, ఎక్కడ హోటలువాళ్ళ మామ్మగారే స్వయంగా వండుతుంది, అన్నీ ఆమె చెప్పింది. మూడు రోజులు, ఆరు భోజనాలు, మూడు వైనరీలు. రెస్టారెంట్లకి నేనే ఫోన్ చేసి టేబుళ్ళు బుక్ చేశాను. మా ఆయన పెట్టిన షరతు ఒక్కటే. చూద్దాం, తిందాం, తాగేది మాత్రం లేదు.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇక్కడ మా సంఘం సంగతి చెప్పాలి. మేముండే షామ్‌బర్గ్‌లో ఒక అమెరికన్ చర్చి కింద ఉన్న నేలమాళిగలో తెలుగువాళ్ళం కొన్ని కుటుంబాలవాళ్ళం ఆదివారం మధ్యాహ్నాలు కూడుకునేవాళ్ళం. ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన, మాత్రం అంతవరకూ పైన అమెరికన్లతోనే తీసుకునేవాళ్ళం. అక్టోబరు మొదటి ఆదివారం మొట్టమొదటిసారి మా బల్ల మేమే, తెలుగులో పెట్టుకోవాలని పెద్దలు నిర్ణయించారు. సంఘపెద్ద రత్నంగారు రసానికి షాపులో సీసా కొందామన్నారు. మా ఆయన లేచి నిలబడి, మేం ద్రాక్ష పండే చోటికే వెళ్తున్నాం, మొదటి బల్లకి రసం నా చేతులతో తెస్తాను అని అందరి ముందూ మాట ఇచ్చేశారు.

అందరూ సంతోషించారు గాని, రత్నంగారి భార్య కమలమ్మగారు నన్ను పక్కకి పిలిచారు. "అదేంటమ్మా సువర్ణా, అంత తాగుబోతుల ఊరు పోయి తెచ్చే రసం కంటే కొట్లో సీసా నయం కదా?" అన్నారు. నాకు చురుక్కుమంది. ఆ క్షణం నుంచి ఆ రసం మా పరువైపోయింది.

ఒక సంగతి ఒప్పుకోవాలి. తాజా ద్రాక్ష పిండిన రసం గురించి మాకు ఓనమాలు కూడా తెలియవు. తెనాలిలో మా అమ్మ చర్చికి చేసే రసం ఎండు ద్రాక్షది. శనివారం సాయంత్రం ఎండు ద్రాక్ష కడిగి, నానబెట్టి, ఇత్తడి గిన్నెలో ఉడికించి, చల్లారాక చేత్తో పిసికి, పాత పంచె గుడ్డలో వడకట్టేది. ఆ వాసనకి పిల్లలందరం వంటింటి గుమ్మం పట్టుకు వేలాడేవాళ్ళం. నాలుకకి రాసుకోవడానికి కూడా ఇచ్చేది కాదు. నాకు తెలిసిన ద్రాక్షరసం అదే, చీరాలలో మా ఆయనకి తెలిసిందీ అదే.

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి షికాగో యూనియన్ స్టేషన్లో రైలెక్కాం. సామాను రెండు సూట్‌కేసులు, పులిహోర, కోడి వేపుడు, కారప్పొడి సీసా, ఇవి కాక తాడుతో కట్టిన ఒక అట్టపెట్టె. అందులో మా ఆయన మరగబెట్టిన నీళ్ళతో కడిగి ఆరబెట్టిన, ఒక్కోటి గ్యాలను పట్టే నాలుగు సీసాలు. పెట్టెలో ఏముందని బోగీ అటెండెంట్ అడిగితే "ఏమీ లేదు" అన్నారాయన గంభీరంగా. పాపం ఆ మనిషి రెండు రోజులూ ఆ పెట్టె వంక అనుమానంగా చూస్తూనే ఉన్నాడు.

సాయంత్రం మిసిసిపీ నది దాటాం. మర్నాడు పొద్దున డెన్వరు, ఆ తర్వాత రోజంతా కొండలు. గాజు గోడల బోగీ ఒకటుంది, అందరూ అక్కడ చేరతారు. వెళ్ళేవాళ్ళెవరైనా ఉంటే డెన్వరు రాకముందే అక్కడ కుర్చీ పట్టుకోండి, తర్వాత దొరకదు. ఆదివారం మధ్యాహ్నం ఓక్లాండులో దిగి, బస్సులో వంతెన మీదుగా శాన్‌ఫ్రాన్సిస్కో, అక్కడి నుంచి ఇంకో బస్సులో రెండు గంటలు. బస్టాండులో ఆల్డోగారు పాత ట్రక్కుతో ఎదురుచూస్తున్నారు. డెబ్బై దాటిన మనిషి, చేతివేళ్ళు ఊదారంగుకి తిరిగిపోయి ఉన్నాయి. అది ద్రాక్ష కోతల కాలం.

వాళ్ళింట్లోనే మా బస. ఆయన భార్య అసుంతాగారు, మేం గది అద్దె మాటెత్తితే, కొట్టేటట్టు చూసింది.

మొదటి రాత్రి భోజనం ఊళ్ళో ఒక పాత హోటల్లో. పొడవాటి బల్లలు, ముక్కూమొహం తెలియనివాళ్ళ పక్కన కూర్చోవాలి. గిన్నెలు గిన్నెలుగా తెచ్చి మధ్యలో పెడతారు. ముందు చిక్కుడుగింజల సూపు, తర్వాత ఆకుకూరలు, తర్వాత రావియోలీ. పిండి బిళ్ళల మధ్య మాంసం కూరి చేసినవి, మన కజ్జికాయలకి కారపు చుట్టాలనుకోండి. ఇదే భోజనం అనుకుని నేను రెండుసార్లు వడ్డించుకున్నాను. ఆ తర్వాత వేయించిన కోడి వచ్చింది. ఇంత భోజనానికి మనిషికి ఆరు డాలర్లు. అడక్కుండానే బల్ల మీద వైను కూజా పెట్టారు. మా ఆయన మర్యాదగా తీసెయ్యమన్నారు. వడ్డించే ఆమె జాలిపడి, మాకు చెరొక గ్లాసు పాలు తెచ్చింది. బల్లకి అటు చివర పాలు తాగుతున్నది ఒక మూడేళ్ళ పాప. ఆ పాప మా ఆయన వంక చూసి గ్లాసు పైకెత్తింది, ఈయనా ఎత్తారు.

సోమవారం, మంగళవారం వైనరీలు చూశాం. పొద్దున పది గంటలకే వెళ్ళండి, తర్వాత టూరు బస్సులు దిగుతాయి. రుచి చూడటానికి డబ్బు తీసుకోరు. మేం రుచి చూడం అంటే ఒకచోట ఉన్న పెద్దాయన ఏమీ అనుకోలేదు, వాసన చూడండి అన్నాడు. వాసనలో తప్పేముందని మా ఆయన కళ్ళజోడు తీసి మరీ గ్లాసులో ముక్కు పెట్టారు. "మిరియాలు... తడిసిన మట్టి... రేగుపళ్ళు" అని ఆగకుండా చెప్పుకుపోయారు. పెద్దాయన రేగుపళ్ళంటే ఏమిటని అడిగాడు. అది విప్పి చెప్పడానికి అరగంట పట్టింది. మూడో వైనరీకి వచ్చేసరికి ఈయన తనే ముందు నడుస్తున్నారు. నాకు ఆయన్ని చూస్తే ముచ్చటేసింది. పదేళ్ళలో నేనెరగని మనిషి అక్కడ బయటపడ్డారు.

బుధవారం సాయంత్రం ఆల్డోగారి తోటలో నల్లద్రాక్ష కోయించి, చేతి మరలో మా కళ్ళముందే పిండించారు. మా ఆయన చొక్కా చేతులు మడిచి తనూ మర తిప్పారు. నాలుగు సీసాలూ నిండాయి. ఎండ పడితే లేత ఎరుపులో అంత అందంగా ఉంటుందని నేననుకోలేదు. ఆల్డోగారు సీసాల మూతలు వదులుగా పెట్టి, "గట్టిగా బిగించకు" అని మా ఆయనకి కన్ను కొట్టారు. ఎందుకో మాకు అర్థం కాలేదు. మేం తాగం అని చెప్పిందంతా పైకి చెప్పే మాట అని ఆయన అనుకున్నారని నాకు తర్వాత తెలిసింది.

గురువారం తెల్లవారగానే బయల్దేరాం. దారిలో నమలడానికని అసుంతాగారు తన చేత్తో ఎండబెట్టిన నల్ల ఎండు ద్రాక్ష ఒక పిండిసంచి నిండా ఇచ్చింది. మధ్యాహ్నం ఓక్లాండులో రైలెక్కగానే మా ఆయన చేసిన మొదటి పని, నాలుగు మూతలూ కండలు తేలేలా బిగించడం. చుక్క ఒలికితే ఆదివారం ఎవరికి తక్కువవుతుందో అని భయం. పెట్టె కాళ్ళ దగ్గరే పెట్టుకుని రెండు చెప్పుల మధ్య కాపలా కాశారు.

శుక్రవారం మధ్యాహ్నం కొలరాడో కొండలు ఎక్కుతున్నాం. నడవకి అవతలి సీట్లో ఒమాహా వెళ్తున్న ఒక పెద్దావిడ ఉన్ని అల్లుకుంటూ కూర్చుంది. పెట్టెలోంచి బుస్సుమని చప్పుడు వినిపించింది. పామేమోనన్నట్టు ఆవిడ కాళ్ళు పైకి పెట్టుకుంది. మా ఆయన ఒక మూత కొంచెం తిప్పారో లేదో, నురుగు ఎగజిమ్మి ఆయన చొక్కా, కళ్ళజోడు, ముందు సీటు వెనక భాగం అన్నీ తడిపేసింది. నేను పగలబడి నవ్వాను. ఆయన వేళ్ళు నాకి, "తియ్యగానే ఉంది, కాస్త చురుక్కుమంటోందంతే" అన్నారు.

ఒమాహా ఆవిడ థర్మాసు మూత చాపి కొద్దిగా పోయించుకుంది. తాగి, ఒక నిమిషం ఆలోచించి, "ఇది రసం కాదు నాయనా, దారిలో పులిసి వైనైపోయింది. ఇంకొంచెం పొయ్యి" అంది.

ఆయన మొహం పాలిపోయింది. ముట్టనివాళ్ళ వంశంలో మొదటగా ముట్టింది తనే అయ్యారు, అదీ రైల్లో, అందరూ చూస్తుండగా. దానికంటే ఆయన్ని కుంగదీసింది ఆదివారం. "సువర్ణా, అంతమంది ముందు మాటిచ్చాను. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?" అన్నారు. నా నవ్వు ఆగిపోయింది. కమలమ్మగారు గుర్తొచ్చారు. కొట్లో సీసా కొనొచ్చు, ఎవరూ ఏమీ అనరు కూడా. కాని మర తిప్పిన ఆయన చేతులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

సీసాలు ఖాళీ చేయక తప్పదు, లేకపోతే పగిలేలా ఉన్నాయి. పారబొయ్యడం పాపమని ఒమాహా ఆవిడ తేల్చేసింది. వెళ్ళేటప్పుడు ఉన్న అటెండెంటే ఈ రైల్లోనూ తగిలాడు; పెట్టెలో ఉన్నదేమిటో చివరికి తెలిసినందుకు పొంగిపోయి, కాగితపు కప్పులు తెచ్చిచ్చాడు. డెన్వరు చేరేలోగా బోగీలో ముప్పావు వంతు మంది మాకు స్నేహితులైపోయారు. ఎవరో మౌతార్గాన్ తీశారు. మా ఆయన ఒక్కరే కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. అయినా కప్పు ఖాళీ అయినవాళ్ళకి లేచి పోస్తూనే ఉన్నారు, అది ఆయన స్వభావం.

శనివారం తెల్లవారుజామున ఒమాహా ఆవిడ దిగిపోతూ మా ఆయన భుజం తట్టి వెళ్ళింది. అయోవా మొక్కజొన్న చేల మధ్య రైలు పోతోంది. ఏమీ తోచక నేను పిండిసంచి ఒళ్ళో పెట్టుకుని ఎండు ద్రాక్ష నములుతున్నాను. రెండు ఆయన చేతిలో పెట్టాను. ఆయన ఒకటి నోట్లో వేసుకుని, నమలడం మధ్యలో ఆపేశారు.

"మీ అమ్మగారు దేంతో చేసేవారన్నావు?"

చెప్పాను. ఆయన చటుక్కున నా ఒళ్ళోంచి సంచి లాక్కుని, నోరు ముడివేసి, చంకలో పెట్టుకున్నారు. నా గుప్పిట్లో మిగిలినవి కూడా తెరిపించి తీసుకున్నారు. షికాగో వచ్చేదాకా ఇద్దరం వెర్రివాళ్ళలా నవ్వుకుంటూనే ఉన్నాం.

ఆ సాయంత్రం ఇంటికి రాగానే స్టవ్ వెలిగించాం. ఇత్తడి గిన్నె లేదు, స్టీలు గిన్నెలోనే ఉడికించాను. వడకట్టడానికి ఆయన కొత్త పంచె చించి ఇచ్చారు. తెనాలి వంటింటి వాసన షామ్‌బర్గ్ అపార్ట్‌మెంటంతా పట్టింది. ఆయన గరిటె ముంచబోతే చెయ్యి మీద ఒక్కటి వేశాను, అమ్మ వేసినట్టే.

ఆదివారం నేలమాళిగలో మడత కుర్చీల మధ్య తెల్లగుడ్డ పరిచి బల్ల పెట్టారు. రత్నంగారు తెలుగులో వాక్యం చదివారు. చిన్న చిన్న కప్పులు చేతులు మారాయి. కమలమ్మగారు తాగి, కళ్ళు మూసుకుని, చాలాసేపు తెరవలేదు. ఆరాధన అయ్యాక తిన్నగా మా దగ్గరికి వచ్చారు. కళ్ళు తడిగా ఉన్నాయి.

"ఏం కాలిఫోర్నియానో గాని ప్రభుదాసూ, ఇది మా బాపట్ల చర్చి రసం కదయ్యా. ఎట్టా తెచ్చావు?"

"ద్రాక్ష వాళ్ళదేనండీ. రసం మా అత్తగారిది" అన్నారు మా ఆయన.

మా అమ్మ ఏనాడూ ద్రాక్ష తోట ముఖం చూసిన మనిషి కాదు. ఆ మాట వినగానే నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే. జరిగిందంతా, నురుగుతో సహా, ఆయన అక్కడే నిలబడి చెప్పేశారు. కమలమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వారు.

ఆరు భోజనాలూ ఏ ఒక్కటీ మర్చిపోలేదు, వెళ్ళేవాళ్ళు అడిగితే హోటళ్ళ దారి చెబుతాను. ఆ ఆదివారం చర్చి నుంచి ఇంటికి వస్తుంటే కారు వెనక సీట్లో నాలుగు ఖాళీ సీసాలు, ఇంకా దింపనే లేదు, మలుపు మలుపుకీ గలగలలాడుతున్నాయి. మా ఆయన వాటిని అద్దంలో చూసి, "వచ్చే ఏడూ టిక్కెట్లు బుక్ చేయి సువర్ణా. ఈసారి సీసాలొద్దు, సంచులు పట్టుకెళ్దాం" అన్నారు.