రెండూ పదికి ఆగే లిఫ్ట్

మా చిన్నాన్న ఆరంతస్తుల ఆఫీసులో లిఫ్ట్ నడుపుతాడు. నోట్లో నాలుక లేని మనిషి. మడత గేటున్న పాతకాలపు లిఫ్ట్ అది. ఆగిపోయిన ప్రతిసారీ రిజిస్టరులో టైము రాయడం కూడా ఆయన పనే.

ఒక ఏడాది ఓ నెలంతా, మరుసటేడు మళ్లీ అదే నెలలో, రోజూ మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకి ఎడమ కంటి వెనక నొప్పి మొదలయ్యేది. కన్ను ఎర్రబడి ధారగా కారేది, రెప్ప వాలిపోయేది, ముక్కు అటువైపే మూసుకుపోయేది. కూర్చోలేడు, పడుకోలేడు. ముప్పావుగంట పచార్లు చేయాల్సిందే. తరువాత ఏమీ జరగనట్టు మామూలు మనిషి. పంటినొప్పేమోనని ఏ జబ్బూ లేని దవడపన్ను ఒకటి పీకించుకున్నాడు. ఆ కన్ను చూసి, తాగొచ్చాడని మేనేజరు అందరిముందూ కడిగేశాడు. ఇంకోసారి అలా కనబడితే ఇంటికే అన్నాడు.

అందుకని చిన్నాన్న ఒక ఘనకార్యం చేశాడు. టైము కాగానే ఖాళీ లిఫ్ట్‌ని మూడు, నాలుగు అంతస్తుల మధ్య ఆపేసేవాడు. ఆ ఇరుకు డబ్బాలో గిరగిరా తిరుగుతూ తల గోడకేసి కొట్టుకునేవాడు. బయట జనం బెల్లు కొడితే "ఆగిపోయిందండీ!" అని అరిచేవాడు. అదయ్యాక రిజిస్టరులో నిజాయితీగా టైము రాసేవాడు! అబద్ధమాడడం కూడా చేతకాదని నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మెకానిక్ వచ్చి మోటారంతా విప్పాడు. ఏమీ దొరక్క రిజిస్టరు తిరగేశాడు.

"పందొమ్మిది సార్లు, అన్నీ రెండూ పదికే. పోయినేడాది కూడా ఇదే నెల. గడియారం చూసుకుని చెడిపోవడం మెషీన్‌కి రాదు బాబాయ్. రోగం నీదా?"

చిన్నాన్న బావురుమన్నాడు. ఆ రిజిస్టరుతో సహా ఆయన్ని డాక్టరమ్మ దగ్గరికి నేనే తీసుకెళ్లాను.

"నొప్పొస్తే కదలకుండా పడుకుంటారా, తిరుగుతారా?" అని అడిగిందావిడ.

"తిరుగుతానమ్మా. ఆగలేను."

ఇది క్లస్టర్ తలనొప్పి అంది. కొన్ని వారాలు వరసగా వచ్చి, నెలల తరబడి మాయమై, మళ్లీ వస్తుందట. రోజూ రెండూ పదికి వస్తోందనీ, వచ్చినప్పుడు ఆక్సిజన్ పీల్చాలనీ చీటీ రాసిచ్చింది.

మర్నాడు ఆఫీసుకి నేనూ వెంట వెళ్లాను. మేనేజరు ఆ చీటీ, రిజిస్టరు పక్కపక్కన పెట్టుకుని చదివాడు. "అంటే లిఫ్ట్ ఆపింది నువ్వన్నమాట! టైము ప్రకారం వచ్చే తలనొప్పా? నా చెవిలో పువ్వులు పెడుతున్నావా? సరే, ఇక్కడే కూర్చో. అది రాకపోతే రేపట్నుంచి నువ్వూ రానక్కర్లేదు."

ఇద్దరం కూర్చున్నాం. రెండయింది. రెండూ ఐదయింది. రోజూ రావద్దని మొక్కుకునే మనిషి, ఆ వేళ రమ్మని మొక్కుకుంటున్నాడు. రెండూ పది కూడా దాటిపోయింది. మేనేజరు కుర్చీ వెనక్కి జరిపాడు.

చిన్నాన్న ఎడమ కన్ను తుడుచుకుంటూ లేచి నిలబడ్డాడు.

"వచ్చిందండీ" అన్నాడు, నవ్వబోతూ.