వల చాలని లెక్క

కొత్త గణితం పుస్తకాలు వచ్చిన రోజుల్లో నేను శ్రీకాకుళం జిల్లాలో, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఉన్నత పాఠశాలలో పదో తరగతికి లెక్కలు చెప్పేవాణ్ణి. లెక్క చేయడం ఒక్కటే చాలదు, ఎందుకలా అయిందో పిల్లలు చెప్పగలగాలి, సొంతంగా లెక్కలు తయారుచేయగలగాలి అన్నవి కొత్త ప్రమాణాలు. శిక్షణ తరగతుల్లో తోటి ఉపాధ్యాయులకు వాటిని వివరించింది కూడా నేనే.

వర్గసమీకరణాలు అయ్యాక తలా ఒక లెక్క తయారుచేసుకు రమ్మన్నాను. చాలామంది గైడులోంచి దింపుకొచ్చారు. చేపలు ఎండబెట్టి అమ్మే ఇంటి అమ్మాయి ఒకామె లేచి తన లెక్క చదివింది. నలభై మీటర్ల పాత వల ఉంది. కుక్కలు రాకుండా దాన్ని దీర్ఘచతురస్రంగా చుట్టూ కట్టి, లోపల నూట ఇరవై చదరపు మీటర్ల మేర చేపలు ఆరబెట్టగలమా?

బోర్డు మీద మొదలుపెట్టాను. వర్గమూలం కింద రుణసంఖ్య వచ్చింది.

"జవాబు రాని లెక్క లెక్కేటే? కొలతలు సూసుకోవాలి కదే" అన్నాను.

"వల సాలదండి. అదే జవాబండి."

"సాలకపోతే కుక్కలకి పండగే!" అన్నాడు వెనక బెంచీవాడు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను.

సుద్దముక్క కింద పెట్టకముందే నాకు తెలిసిపోయింది, ఆ పిల్ల చెప్పిందే సరైనదని. ఆ వలతో దీర్ఘచతురస్రం ఎలా కట్టినా లోపల వంద చదరపు మీటర్లు దాటదు. ఆమె అడిగింది కట్టగలమా అని. నేను శిక్షణలో చెప్పిన ప్రమాణానికి అంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. అయినా బోర్డు తుడిచేసి తర్వాతివాణ్ణి లేపాను.

సాయంత్రం స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గరికి వచ్చింది. "మాస్టారూ, మార్కులు మీ ఇష్టమండి. నా లెక్క తప్పా, కాదా? అదొక్కటీ సెప్పండి."

"మార్కులు ఏసేస్తాన్లే, ఎల్లు" అన్నాను.

వేశాను కూడా, పూర్తిగా. ఆమె అడిగింది మాత్రం చెప్పలేదు. ఒప్పని చెప్పాలంటే క్లాసులో, నవ్వినవాళ్ల ముందే చెప్పాలి. నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. రేపు చెబుదాంలే అనుకున్నాను. సిలబస్ హడావిడిలో రోజులు గడిచిపోయాయి.

తర్వాతి పరీక్షలో మళ్లీ సొంత లెక్క రాయమన్నాను. ఆమె కాగితంలో రైలు వేగం లెక్క ఉంది, గైడులో ఉన్నది ఉన్నట్టు. జవాబు చక్కగా వచ్చింది. పూర్తి మార్కులు వేయక తప్పలేదు.